డల్లాస్ పెరట్లో పామ్ మొక్క నాటడం: కొనే దగ్గర్నుంచి మొదటి చలికాలాలు దాటించేదాకా

డల్లాస్ చుట్టుపక్కల, అంటే ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ వైపు ఇల్లు కొన్న మనవాళ్లలో చాలామందికి పెరట్లో ఒక కొబ్బరి చెట్టో తాటి చెట్టో కనపడాలని ఉంటుంది. ఆ కోరికలో తప్పేమీ లేదు. కాకపోతే కొబ్బరి ఇక్కడ బయట ఒక్క చలికాలం కూడా బతకదు, తాడి కూడా అంతే. ఏప్రిల్ రాగానే పెద్ద స్టోర్ల గార్డెన్ సెక్షన్లో వరసగా పెట్టి అమ్మే క్వీన్ పామ్, మెక్సికన్ ఫ్యాన్ పామ్ కూడా ఇక్కడ ఎక్కువ కాలం నిలవవు. అవి కొన్నవాళ్లు రెండు మూడేళ్లు మురిసిపోయి, ఆ తర్వాత ఒక గట్టి చలికి చెట్టు పోతే "ఈ ఊళ్లో పామ్‌లు బతకవులే" అని వదిలేస్తారు. బతుకుతాయి. ఇక్కడి చలికి నిలిచే జాతులు వేరే ఉన్నాయి, వాటిని చిన్న మొక్కగా కొని, సరైన నెలలో సరైన లోతులో నాటి, మొదటి రెండు మూడు చలికాలాలు దగ్గరుండి చూసుకుంటే తర్వాత పెద్దగా పని పెట్టవు. ఇదంతా నార్త్ టెక్సాస్‌ని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. అట్లాంటా, షార్లెట్ వైపు ఉన్నవాళ్లకి మట్టి గురించి చెప్పింది తప్ప మిగతాది చాలా వరకు పనికొస్తుంది.

ముందు ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే మిగతా పనులన్నీ ఎందుకు అలా చెయ్యాలో దానంతట అదే తెలిసిపోతుంది. పామ్ జాతి చెట్టు ప్రాణమంతా మొవ్వులో, అంటే నడిమిన కొత్త ఆకులు పుట్టుకొచ్చే లేత భాగంలో, ఉంటుంది. వేపనో మామిడినో కొట్టేసినా పక్కనుంచి చిగురేస్తుంది, ఒంటి మానుగా పెరిగే పామ్‌కి ఆ అవకాశం లేదు, కొత్త మట్ట ఏదైనా ఆ ఒక్క మొవ్వు నుంచే రావాలి. కోనసీమ తోటల్లో మొవ్వుకుళ్లు తెగులు చూసినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు, కింది మట్టలు ఇంకా పచ్చగానే ఉంటాయి, నడిమి మొవ్వాకు మాత్రం లాగితే ఊడి చేతికొచ్చేస్తుంది, పట్టించుకోకపోతే ఆ చెట్టు పని అయిపోయినట్టే. ఇక్కడ చలి చేసేది కూడా అదే. మట్టలన్నీ మాడి గోధుమ రంగుకి తిరిగినా మొవ్వు బతికుంటే చెట్టు బతికినట్టే. కాబట్టి కొనేటప్పుడు చూసేది మొవ్వు, నాటేటప్పుడు మట్టిలో కూరుకుపోకుండా కాపాడేది మొవ్వు, చలికాలంలో కప్పేది మొవ్వు.

ఏది కొనాలి

జోన్ 8 అని ట్యాగ్ మీద రాసుంటే చాలనుకుని కొనేస్తారు చాలామంది. ఆ జోన్ లెక్కకి అర్థం ఏంటంటే, ఏడాదిలో అతి చల్లగా ఉండే రాత్రి సగటున 10 నుంచి 20 ఫారెన్‌హీట్ మధ్య ఉంటుందని మాత్రమే. సగటు అన్నాక అంతకంటే కిందికి వెళ్లే సంవత్సరాలు కూడా ఉంటాయి కదా. 2021 ఫిబ్రవరి 16న డల్లాస్-ఫోర్ట్‌వర్త్ (డీఎఫ్‌డబ్ల్యూ) ఎయిర్‌పోర్ట్ దగ్గర మైనస్ 2 ఫారెన్‌హీట్ నమోదైంది, అంటే సుమారు మైనస్ 19 సెల్సియస్. ఆ వారం తర్వాత టెక్సాస్‌లో, శాన్ ఆంటోనియో దాకా కూడా, ఏళ్ల తరబడి పెరిగిన మెక్సికన్ ఫ్యాన్ పామ్‌లు ఎండిన స్తంభాల్లా మిగిలిపోయాయి. మీరు కొనే చెట్టు అలాంటి రాత్రిని తట్టుకోగలదా అన్నదే అసలు ప్రశ్న. ఇంకో సంగతి, పుస్తకాల్లో, ట్యాగుల మీద రాసే చలి లెక్కలు వేళ్లు బాగా దిగిన పెద్ద చెట్టుకి. నిన్న నాటిన చిన్న మొక్కకి అంత ఓపిక ఉండదు.

చలికి అన్నిటికంటే గట్టిది నీడిల్ పామ్. అమెరికా ఆగ్నేయ రాష్ట్రాలది, అలబామా, జార్జియా, ఫ్లోరిడా వైపు చెట్ల నీడల్లో పెరిగేది. సున్నా ఫారెన్‌హీట్ కిందికి వెళ్లినా తట్టుకుంటుంది. పొదలా పెరుగుతుంది, పిలకలు వేస్తుంది, చాలా నెమ్మది. మట్టల మొదళ్ల దగ్గర పొడవాటి సూదుల్లాంటి ముళ్లు ఉంటాయి కాబట్టి పిల్లలు ఆడే చోట, నడిచే దారి పక్కన వద్దు.

రెండోది డ్వార్ఫ్ పామెట్టో, శాస్త్రీయంగా సబల్ మైనర్. ఇది టెక్సాస్ సొంత మొక్క. లూలింగ్, గోంజాలెస్ మధ్య ఉన్న పామెట్టో స్టేట్ పార్క్‌కి ఆ పేరు దీనివల్లే వచ్చింది, వీకెండ్‌లో వెళితే గుంపులు గుంపులుగా కనపడతాయి. డల్లాస్‌కి ఉత్తరాన, ఓక్లహోమా ఆగ్నేయ మూలన కూడా అడవిలో దానంతటది పెరుగుతుంది, అంటే మన ఊరి చలి దానికి కొత్తేమీ కాదు. మాను పైకి రాదు, కాండం భూమిలోనే ఉంటుంది, మట్టలు మాత్రం నేలలోంచి విసనకర్రల్లా పైకి లేస్తాయి. మొవ్వు భూమికి అంటుకునో కింద్నో ఉంటుంది కాబట్టే చలి దాన్ని అంత తేలిగ్గా తాకలేదు. ఎత్తు చెట్టు కావాలనుకునేవాళ్లకి ఇది నచ్చదు, నాకు మాత్రం ఇక్కడి పెరళ్లకి ఇంతకంటే నమ్మకమైన పామ్ లేదనిపిస్తుంది.

మానుతో పైకి ఎదిగేది కావాలంటే విండ్‌మిల్ పామ్. చైనాది. ఆకు తాటాకులా విసనకర్ర ఆకారంలో ఉంటుంది, మాను చుట్టూ ముదురు గోధుమ రంగు పీచు పేరుకుని ఉంటుంది. చైనాలో ఆ పీచుతో తాళ్లు పేనేవాళ్లు, వానకి కప్పుకునే గొంగళ్లు కూడా అల్లేవాళ్లు. 19వ శతాబ్దం మధ్యలో రాబర్ట్ ఫార్చ్యూన్ దీన్ని చైనా నుంచి ఇంగ్లండ్‌కి పంపించాడు, శాస్త్రీయ నామంలో ఫార్చ్యునై అనేది ఆయన పేరే. బాగా కుదురుకున్న చెట్టు 10 ఫారెన్‌హీట్ దాకా పెద్దగా దెబ్బతినకుండా నిలుస్తుంది, ఇంకొంచెం కిందికి వెళితే మట్టలు పోతాయి గానీ మొవ్వు నుంచి తిరిగి వచ్చే అవకాశం ఉంటుంది. వేళ్లు దిగాక ఏడాదికి అడుగు దాకా పెరుగుతుంది. ఎక్కువమందికి నేను చెప్పేది ఇదే: ముందు ఒక విండ్‌మిల్, దాని పక్కన రెండు డ్వార్ఫ్ పామెట్టోలు.

కొబ్బరి మట్టలాంటి ఆకే కావాలి, విసనకర్ర ఆకు వద్దు అనేవాళ్లకి పిండో పామ్ ఒకటి ఉంది. అందమైన చెట్టే, ఆకు నీలి బూడిద రంగులో వంపు తిరిగి ఉంటుంది, కానీ 12, 15 ఫారెన్‌హీట్ దగ్గర దెబ్బతినడం మొదలవుతుంది, 2021 లాంటిది మళ్లీ వస్తే కష్టం. ఆ రిస్క్ తెలిసి కొనుక్కుంటే కొనుక్కోండి. ఇంకొకటి, నర్సరీల్లో సిల్వెస్టర్ పామ్ అని చాలా రేటు పెట్టి అమ్మేది మరేదో కాదు, మన పొలం గట్ల మీద ఉండే ఈత చెట్టే. చూడగానే ప్రాణం లేచొస్తుంది, ఒప్పుకుంటాను. హ్యూస్టన్‌లో అయితే సరే అనొచ్చు, డల్లాస్‌లో మాత్రం దానికి అంత డబ్బు పెట్టొద్దు.

నర్సరీకి వెళ్లినప్పుడు మొక్క ఎత్తు చూసి మోసపోకండి. నడిమిన ఇంకా విచ్చుకోని మొవ్వాకు నిటారుగా, గట్టిగా, పచ్చగా ఉందా చూడండి, దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా పైకి లాగితే కదలకూడదు. మట్టల మొదళ్ల దగ్గర, ఆకు అడుగున పొలుసు పురుగు అంటుకుని ఉందేమో చూడండి. కుండీ ఊపితే మొక్క వదులుగా ఊగిపోతుంటే ఈ మధ్యే కుండీ మార్చారని అర్థం, అలాంటిది వద్దు. విండ్‌మిల్ అయితే కాస్త మాను కట్టిన 15 గ్యాలన్ల కుండీ మొక్కకి డబ్బు ఎక్కువైనా పెట్టొచ్చు, మొదటి చలికాలం దానికి చాలా తేలిక. పామెట్టో, నీడిల్ పామ్ ఎలాగూ మెల్లగా పెరిగేవి కాబట్టి 3 గ్యాలన్లో 5 గ్యాలన్లో చాలు. ఆన్‌లైన్లో తెప్పించిన ఒక గ్యాలన్ మొక్కని వెంటనే నేలలో పెట్టొద్దు, ఒక ఏడాది కుండీలోనే పెంచి, చలికి గరాజ్‌లోకి తెచ్చి, తర్వాతి వసంతంలో నాటండి. అడవిలోంచి తవ్వుకొచ్చిన పామెట్టో జోలికి అసలు వెళ్లొద్దు, దాని కాండం కింద లోతుగా ఉంటుంది, తవ్వడంలోనే సగం తెగిపోతుంది.

ఎప్పుడు, ఎక్కడ

ఓక్, క్రేప్ మర్టల్ లాంటివి ఇక్కడ శరదృతువులో నాటమంటారు. పామ్‌కి ఆ లెక్క తిరగబడుతుంది. దీని వేళ్లు నేల వెచ్చగా ఉంటేనే పెరుగుతాయి. అక్టోబర్‌లో నాటితే వేరు ఒక అంగుళం కూడా ముందుకు పోకముందే చలి మీద పడుతుంది, మొక్క కుండీలో ఉన్నట్టే నేలలో కూర్చుని ఉంటుంది. ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మొదటి వారాల దాకా మంచి సమయం. ఆ తర్వాత కూడా నాటొచ్చు, పామ్‌కి వేడి ఇష్టమే, కానీ జూలై ఆగస్టుల్లో ఇండియా ట్రిప్పులు ఉంటాయి మనకి, నీళ్లు పెట్టేవాళ్లు ఉండరు. ఫాల్ సేల్‌లో సగం ధరకి దొరికిందని కొన్నా సరే, కుండీలోనే ఉంచి వసంతం దాకా ఆగండి.

చోటు విషయంలో అందరూ చెప్పేది దక్షిణం వైపు ఇటుక గోడ పక్కన పెట్టమని. చలికాలానికి అది నిజంగా మంచి చోటే, పగలు గోడ పట్టుకున్న వేడి రాత్రి మెల్లగా వదులుతుంది, ఉత్తరం గాలి తగలదు. కానీ జూలైలో మధ్యాహ్నం మూడింటికి ఆ గోడ పక్కన ఒకసారి నిలబడి చూడండి. విండ్‌మిల్ పామ్‌కి చల్లని కొండ ప్రాంతాల అలవాటు ఎక్కువ, ఆ సెగకి దాని ఆకులు కొసలు మాడి పసుపుపచ్చగా అయిపోతాయి. అందుకే తూర్పు గానీ ఆగ్నేయం గానీ మేలు, పొద్దున ఎండ తగిలి, మధ్యాహ్నం ఇంటి నీడ పడే చోటు. గాలి గట్టిగా కొట్టే రెండిళ్ల మధ్య సందు వద్దు, దాని ఆకులు గాలికి చీలికలు పేలికలు అవుతాయి. నీడిల్ పామ్, పామెట్టో సగం నీడలో హాయిగా ఉంటాయి.

గోడకి మరీ ఆనించొద్దు. విండ్‌మిల్ తల ఆరేడు అడుగుల వెడల్పు అవుతుంది కాబట్టి గోడ నుంచి నాలుగైదు అడుగులైనా వదలండి. కప్పు అంచు నుంచి వాన నీళ్లు కారే చోట కింద నాటొద్దు, చలికాలంలో ఆ నీళ్లు నేరుగా మొవ్వులో పడి గడ్డకడతాయి. వాన పడ్డాక నీళ్లు నిలిచే మూల, ఫెన్స్ దగ్గర పల్లం, ఇవీ వద్దు.

హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) ఉన్న కమ్యూనిటీ అయితే వెనక పెరడు సంగతి వేరు గానీ, ఇంటి ముందు నాటాలంటే అప్రూవల్ తీసుకోండి, కొన్ని చోట్ల ఏ చెట్లు వెయ్యొచ్చో లిస్టు ఉంటుంది. తవ్వేముందు 811కి ఫోన్ చెయ్యండి, కనీసం రెండు వర్కింగ్ డేస్ ముందు. ఫ్రీ సర్వీసే, వచ్చి గ్యాస్, కరెంట్, కేబుల్ లైన్లకి రంగు గుర్తులు పెట్టి వెళ్తారు. మీ స్ప్రింక్లర్ పైపులు మాత్రం వాళ్లు చూపించరు, అవి మీరే జోన్ ఆన్ చేసి హెడ్స్ ఎక్కడెక్కడ ఉన్నాయో చూసుకుని అంచనా వేసుకోవాలి.

గుంట, మట్టి, లోతు

డల్లాస్, కాలిన్ కౌంటీల్లో చాలా ఇళ్ల కింద ఉన్నది నల్లరేగడే. బ్లాక్‌ల్యాండ్ ప్రెయరీ అని ఇక్కడ పిలిచే ఈ నేల, మన కర్నూలు, ఆదిలాబాద్ పత్తి చేలలో ఉన్న నల్లరేగడి ఒకే జాతి నేలలు, రెండిటినీ శాస్త్రంలో వర్టిసాల్స్ అనే అంటారు. వానకి ఉబ్బి బంకలా కాళ్లకి అంటుకుంటుంది, ఎండకి చెయ్యి పట్టేంత పగుళ్లిస్తుంది. నీళ్లు మెల్లగా ఇంకుతాయి. దీంట్లో పామ్ చచ్చేది ఎక్కువగా నీళ్లు లేక కాదు, వేరు దగ్గర నీళ్లు నిలిచి, దాని మీద చలి పడి.

అందుకని ముందు పరీక్ష చెయ్యండి. గుంట తవ్వి నిండా నీళ్లు పొయ్యండి, అవి ఇంకాక మళ్లీ నింపండి, రెండోసారి గంటకి ఒక అంగుళమైనా దిగాలి. దిగకపోతే చోటన్నా మార్చండి, లేదా నేల కంటే ఆరేడు అంగుళాలు ఎత్తుగా వెడల్పాటి దిబ్బ కట్టి దాని మీద నాటండి. ఇక్కడి నేలకి ఎక్స్‌పాండెడ్ షేల్ అనే కాల్చిన రాతి గుళ్లు బాగా పనిచేస్తాయి, నర్సరీల్లో సంచుల్లో దొరుకుతాయి, కానీ వాటిని గుంటలో మాత్రమే వేస్తే ప్రయోజనం లేదు, నాలుగైదు అడుగుల వెడల్పున మొత్తం పైమట్టిలో కలపాలి.

గుంట వెడల్పు వేరు గడ్డకి రెండింతలు ఉండాలి, లోతు మాత్రం దానికంటే ఒక్క అంగుళం ఎక్కువ కూడా వద్దు. రేగడిలో అయితే ఇంకా తక్కువే తవ్వండి, గడ్డ పైభాగం చుట్టూ నేల కంటే రెండు అంగుళాలు పైకి ఉండాలి, అడుగున మట్టి కదిలించకుండా గట్టిగా వదిలెయ్యాలి, లేకపోతే నీళ్లు పెట్టాక మొక్క కిందికి దిగిపోతుంది. గడ్డపార లేకుండా ఈ పని జూన్‌లో అవదు, ముందు రోజు సాయంత్రం ఆ చోట నీళ్లు పట్టి ఉంచితే నడుము కాస్త బతుకుతుంది.

లోతు గురించి ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, పామ్‌ని చంపే తప్పుల్లో ఇది బయటికి కనపడనిది. మాను నుంచి వేళ్లు పుట్టే చోటు నేల మట్టానికి ఉండాలి. లోతుగా పాతితే ఆ భాగానికి గాలి ఆడదు, వేళ్లు మెల్లగా పోతాయి, ఇనుము, మాంగనీస్ అందక కొత్త ఆకులు చిన్నవిగా, పాలిపోయి వస్తాయి, ఒక్కోసారి ఇదంతా బయటపడటానికి రెండు మూడేళ్లు పడుతుంది, అప్పటికి ఎవరూ లోతుని అనుమానించరు. మొక్క ఊగుతోందని మాను చుట్టూ మట్టి ఎగదోసే అలవాటు కూడా మానుకోవాలి.

కుండీలోంచి తీసేటప్పుడు మానునో మట్టలనో పట్టి లాగొద్దు, మొవ్వు లోపల లేతగా ఉంటుంది, ఆ కుదుపుకి చిట్లుతుంది. కుండీని పక్కకి పడుకోబెట్టి అంచులు తట్టి, రాకపోతే కత్తెరతో కుండీనే కోసెయ్యండి. వేళ్లు కుండీ చుట్టూ చుట్టుకుని ఉన్నాయని మిగతా చెట్లకి చేసినట్టు వాటిని విప్పడం, కొయ్యడం ఇక్కడ అక్కర్లేదు. పామ్ వేళ్లు లావెక్కి మానుని బిగించవు, కోసిన వేళ్లు చాలా వరకు అక్కడితో చచ్చిపోతాయి. డ్వార్ఫ్ పామెట్టో లాంటి సబల్ జాతులకి వేరు కదిలితే అలక ఎక్కువ, గడ్డ పగలకుండా అలాగే దింపండి.

పూడ్చేది తవ్విన మట్టితోనే. గుంట నిండా కంపోస్టు, పాటింగ్ సాయిల్ నింపితే రేగడిలో అది తొట్టిలా తయారవుతుంది, చుట్టుపక్కల నీళ్లన్నీ వచ్చి ఆ మెత్తటి మట్టిలో చేరి కదలవు. కంపోస్టు వెయ్యాలనిపిస్తే పైన పల్చగా పరవండి. సగం పూడ్చాక నీళ్లు పోసి గాలి బుడగలు పోనిచ్చి, మిగతా సగం పూడ్చి, గుంట అంచు చుట్టూ మూడు అంగుళాల గట్టుతో పాదు కట్టండి. పైన రెండు మూడు అంగుళాల మల్చ్ (నేల మీద పరిచే చెక్క పేళ్లు, ఎండాకుల లాంటిది), మానుకి తగలకుండా ఒక పిడికిలి దూరం వదిలి. నీడలో పెరిగిన మొక్క అయితే నాటే ముందు పది రోజులు మెల్లమెల్లగా ఎండకి అలవాటు చెయ్యాలి.

నీళ్లు, ఎరువు

మొదటి వారం రోజూ, తర్వాత రెండు మూడు వారాలు రోజు విడిచి రోజు, ఆపైన ఆ మొదటి ఎండాకాలమంతా వారానికి రెండు మూడు సార్లు పాదు నిండేలా. ఇది అంచనా మాత్రమే, అసలు లెక్క వేలు పెట్టి చూసుకోవడమే. రెండు మూడు అంగుళాల లోతున తడిగా ఉంటే ఆ రోజు మానెయ్యండి. లాన్ స్ప్రింక్లర్ మీద వదిలెయ్యొద్దు, అది పైపైన తడిపి వెళ్తుంది, పైగా చాలా సిటీల్లో స్ప్రింక్లర్లకి వారానికి రెండు రోజులే పర్మిషన్. గొట్టంతో చేత్తో పెట్టడం, డ్రిప్ చాలా చోట్ల ఎప్పుడైనా చెయ్యొచ్చు, మీ సిటీ రూల్ ఒకసారి చూసుకోండి.

నాటిన రోజు ఎరువు వద్దు. కొత్త మొవ్వాకు పైకి లేచి విచ్చుకోవడం కనపడ్డాకే, అంటే వేళ్లు పట్టుకున్నాయని తెలిశాకే వెయ్యాలి. అది కూడా పామ్ ఎరువు, మెల్లగా కరిగేది, పొటాషియం, మెగ్నీషియం ఎక్కువున్నది, యూనివర్సిటీ ఆఫ్ ఫ్లోరిడా వాళ్లు సిఫారసు చేస్తూ వచ్చిన పాళ్లు 8-2-12 (వరసగా నత్రజని, ఫాస్ఫరస్, పొటాషియం), దాంతో 4 మెగ్నీషియం. ఆగస్టు చివరికల్లా ఎరువు ఆపెయ్యండి. లాన్‌కి చల్లే వీడ్ అండ్ ఫీడ్ (కలుపు మందు కలిపిన ఎరువు) మొక్క దగ్గరికి రానివ్వొద్దు, కలుపు మందు వేళ్లకి తగులుతుంది, దాంట్లో నత్రజని ఎక్కువయ్యి పొటాషియం లోటు ఇంకా పెరుగుతుంది. చుట్టూ మూడు అడుగుల దాకా గడ్డి తీసెయ్యండి, లాన్ కోసేవాళ్ల ట్రిమ్మర్ తాడు మానుకి తగలకుండా కూడా అదే కాపలా. పామ్ మానుకి గాయమైతే మిగతా చెట్లలా పూడుకోదు, ఆ మచ్చ జీవితాంతం ఉంటుంది.

పాత మట్టల మీద పసుపు, నారింజ చుక్కలు వస్తే పొటాషియం చాలడం లేదని అర్థం. చూడ్డానికి బాలేదని వాటిని కోసెయ్యొద్దు, చెట్టు ఆ పాత మట్టల్లోంచే పొటాషియం లాగి కొత్తదానికి ఇస్తోంది, అవి తీసేస్తే పైనున్న మట్టల నుంచి లాగడం మొదలుపెడుతుంది. పూర్తిగా ఎండినవే తియ్యాలి.

చలికాలం

డిసెంబర్ దగ్గరికొచ్చేసరికి మల్చ్‌ని ఆరు అంగుళాలకి పెంచండి. పామెట్టో, నీడిల్ పామ్‌లకి మొదటి చలికాలం కూడా చాలా రాత్రులకి ఇదొక్కటే సరిపోతుంది, 10 దగ్గరికి పోతుందన్నప్పుడు మాత్రం ఒక పెద్ద బకెట్ బోర్లించి పైన రాయి పెట్టండి. చిన్న విండ్‌మిల్‌కి మొదటి ఏడాది 20 ఫారెన్‌హీట్ కిందికి అని ఫోర్‌కాస్ట్ వస్తే కప్పడం మొదలుపెట్టాలి, రెండో మూడో ఏడాదికి 15 దగ్గర కప్పినా చాలు.

చలి వచ్చే ముందు రోజు, నేల పొడిగా ఉంటే, పాదు నిండా నీళ్లు పెట్టండి, తడి నేల పొడి నేల కంటే వేడిని ఎక్కువసేపు పట్టి ఉంచుతుంది. మొవ్వులోకి మాత్రం ఒక్క చుక్క పొయ్యొద్దు. తర్వాత మట్టలన్నిటినీ పైకి కూడదీసి మెత్తటి తాడుతో వదులుగా కట్టండి, అవి మొవ్వుకి మొదటి దుప్పటి. దాని మీద ఫ్రాస్ట్ క్లాత్ (చలికి మొక్కల మీద కప్పే గుడ్డ) రెండు పొరలు, నేల దాకా దింపి అంచులకి ఇటుకలు పెట్టి. ప్లాస్టిక్ షీట్ ఆకుకి తగలకూడదు, తగిలిన చోటల్లా ఆకు మాడుతుంది. వాన, మంచు వానా కలిసొస్తుంటే మాత్రం క్లాత్ పైన మొవ్వు మీదకి ఒక ప్లాస్టిక్ టోపీ పెట్టండి. మన దగ్గర గట్టి చలి చాలాసార్లు ఫ్రీజింగ్ రెయిన్‌తో వస్తుంది, పొడి చలి కంటే మొవ్వులో నిలిచి గడ్డకట్టిన నీళ్లే ఎక్కువ మొక్కల్ని చంపుతాయి.

క్రిస్మస్ లైట్లు చుట్టడం ఇక్కడ చాలామంది చేస్తారు. పాత రకం ఫిలమెంట్ బల్బులైతేనే, ఎల్‌ఈడీ లైట్లు వేడి ఇవ్వవు. విండ్‌మిల్ మాను పీచు తేలిగ్గా అంటుకునేది కాబట్టి బల్బు పీచుకి, గుడ్డకి ఆనకుండా చూసుకోవాలి, బయట వాడే వైరే వాడాలి. అయితే ఒకటి గుర్తుపెట్టుకోండి, 2021 ఫిబ్రవరిలో అత్యంత చలిగా ఉన్న రాత్రే టెక్సాస్‌లో లక్షల ఇళ్లకి కరెంట్ లేదు. లైట్ల మీదే ఆధారపడ్డ మొక్కలు ఆ రాత్రి ఒట్టి గుడ్డ కింద ఉన్నాయి. కాబట్టి కరెంట్ లేకపోయినా పనిచేసే ఏర్పాటు ముందు ఉండాలి: మొక్క చుట్టూ కోళ్ల గూటికి వాడే వైర్ మెష్ గుండ్రంగా నిలబెట్టి, లోపల ఎండాకులో పైన్ స్ట్రానో (ఎండిన పైన్ చెట్టు ఆకులు) మొవ్వు మునిగేదాకా నింపి, పైన చెత్తబుట్ట బోర్లించడం. మూడడుగుల మొక్కకి ఇది అరగంట పని. ఎండాకులు నవంబర్‌లో వీధి నిండా ఉంటాయి, నాలుగు సంచులు పొడిగా గరాజ్‌లో దాచుకోండి.

ఉష్ణోగ్రత మళ్లీ గడ్డకట్టే స్థాయి దాటి పగలు నిలకడగా ఉండగానే అన్నీ విప్పెయ్యాలి. ఇంకోసారి చలి వస్తుందేమోనని ఫిబ్రవరంతా అలాగే మూటకట్టి ఉంచితే లోపల చెమ్మ చేరి మొవ్వు కుళ్లుతుంది. విప్పడం, కట్టడం బద్ధకం అనిపిస్తుంది నిజమే, కానీ ఒక చలికాలంలో అలాంటి గట్టి రాత్రులు ఉండేది కొన్నే.

మట్టలు మాడితే

గట్టి చలి తర్వాత వారం పది రోజులకి అసలు దెబ్బ బయటపడుతుంది. అప్పుడు కత్తెర పట్టుకుని వెళ్లి అన్నీ కోసెయ్యాలనిపిస్తుంది, ఆగండి. మాడిన మట్టలు కూడా మార్చి దాకా మొవ్వుకి అడ్డంగా ఉండి పనికొస్తాయి, కాస్త పచ్చదనం మిగిలిన మట్ట అయితే చెట్టుకి ఇంకా తిండి పెడుతూనే ఉంటుంది. ముందు మొవ్వాకుని మెల్లగా లాగి చూడండి. గట్టిగా ఉంటే టెన్షన్ అక్కర్లేదు. ఊడి వచ్చి, అడుగున మెత్తగా కుళ్లు వాసన వేస్తే, ఆ మెత్తటి భాగం తీయగలిగినంత తీసేసి, లోపలికి రాగి మందు పొయ్యండి, కాపర్ ఫంగిసైడ్ అని అడిగితే ఇస్తారు, లేబుల్ మీద ఉన్న మోతాదులోనే. కోనసీమలో మొవ్వుకుళ్లుకి బోర్డో పేస్ట్ రాసేది కూడా రాగి కోసమే. పది రోజుల తర్వాత ఇంకోసారి, అంతకుమించి పొయ్యొద్దు. వానలు పడుతుంటే మొవ్వు మీద నీళ్లు పడకుండా అడ్డం పెట్టండి.

తర్వాత ఓపిక పట్టడమే. మొవ్వాకు ఊడిపోయిన విండ్‌మిల్ కూడా లోపల కింది భాగం బతికుంటే మే, జూన్‌లలో వేడి పెరిగాక వంకరటింకర ఆకులు బయటికి తోస్తుంది, మొదటి రెండు మూడు ఆకులు సగం తెగినట్టు, ముడుచుకున్నట్టు వస్తాయి, అవి అలా ఉన్నాయని కంగారుపడి కోసెయ్యొద్దు. ఎరువు కూడా ఆకు విచ్చుకునేదాకా వద్దు, నీళ్లు మాత్రం మామూలుగా ఇస్తూ ఉండండి. జూలై సగం అయ్యేసరికి కూడా ఏమీ రాకపోతే, మాను పైభాగం నొక్కితే మెత్తగా లోపలికి పోతుంటే, ఇక తీసెయ్యొచ్చు. ఆ ఎండల్లో వెంటనే కొత్తది నాటకుండా గుంట పూడ్చి ఉంచి, మళ్లీ ఏప్రిల్‌లో, ఈసారి ఆ చోట విండ్‌మిల్ బదులు పామెట్టో పెట్టడం గురించి ఆలోచించండి.